చేపకు గ్రూపు తెలియదు

పోయిన నెల గుండె పరీక్షకని ఆస్పత్రికి వెళ్ళాను. పెద్ద జబ్బేమీ కాదు. ఈ వయసులో డాక్టర్లు చేయించుకోమంటారు, చేయించుకుంటాం. నర్సమ్మాయి ఛాతీ మీదా, కాళ్ళకూ చేతులకూ చల్లటి బిళ్ళలు అంటించి "కదలకండమ్మా" అంది. కదలకుండా నా దేవుడి పేరు నేను చెప్పుకుంటూ పడుకున్నాను. యంత్రంలోంచి గళ్ళ కాగితం జరజరా బయటకు వచ్చింది. దాని మీద సన్నటి గీత ఒకటి, మధ్యమధ్య గోపురంలా లేచి దిగుతోంది.

"ఒకసారి చూడనిస్తావా తల్లీ?" అని అడిగి చేతిలోకి తీసుకున్నాను. "ఈ కాగితం సెకనుకు ఎంత దూరం జరుగుతుంది?"

ఆ పిల్ల నా వంక వింతగా చూసి, లోపలికి వెళ్ళి డాక్టరుగారిని అడిగి వచ్చింది. "ఇరవై అయిదు మిల్లీమీటర్లటమ్మా."

ఒక గోపురానికీ ఇంకో గోపురానికీ మధ్య మిల్లీమీటరు గళ్ళు లెక్కపెట్టాను. ఇరవై ఉన్నాయి. "అయితే నిమిషానికి డెబ్బై అయిదు. బాగానే కొట్టుకుంటోంది" అన్నాను.

"మీరు టీచరుగా చేశారామ్మా?"

"లేదమ్మా. నేను బడికే వెళ్ళలేదు."

ఆ పిల్ల నవ్వింది. నేను హాస్యమాడాననుకుని ఉంటుంది. రిక్షాలో ఇంటికి వస్తుంటే దారి పొడుగునా మాస్టారే గుర్తొచ్చారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన గురించి నాలుగు మాటలు రాయకుండా ఇన్నాళ్ళు ఎలా ఊరుకున్నానా అనిపించింది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు అమ్మ పోయింది. చెల్లెలు సుభద్రకు అప్పటికి రెండేళ్ళు. శ్రీకాకుళంలో మాది ధాన్యం కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, పైన ఒక గది. అప్పటిదాకా నన్ను బడికి పంపలేదు, ఆ తర్వాత ఇల్లు చూసుకునే మనిషి కావాలి గనక నేను బడి మొహం చూడలేదు. బేరాలు లేని మధ్యాహ్నాల్లో నాన్నే బియ్యం పరిచి నా చేత అక్షరాలు దిద్దించాడు, ఎక్కాలు వల్లె వేయించాడు, పురాణం చదవడం నేర్పాడు. బడికి వెళ్ళడం సుభద్ర వంతు, దానికి జడ వేసి క్యారేజీ కట్టి పంపడం నా వంతు అయింది. నాకు దక్కని దాని మీద నాకు కోపం లేదు. దక్కిన దాని మీదే ఎప్పుడూ ధ్యాస.

పైగదిలో అద్దెకు దిగినవారే మాస్టారు. రాజాం దగ్గర రైతుల బిడ్డ. మా ఊరి కాలేజీలో ఫిజిక్సు డెమాన్‌స్ట్రేటరు. అంటే పాఠం చెప్పేవారు వేరే ఉంటారు, ల్యాబులో ప్రయోగాలు చేయించేది ఈయన. పేరు రాయను. బతికుండగా కాగితం మీద తన పేరు కనిపిస్తేనే సిగ్గుపడేవారు. పోయాక ఇబ్బంది పెట్టడమెందుకు?

మనిషి బాగా పొడుగు. గుమ్మాల దగ్గర తల వంచి వంచి అదే అలవాటై, ఆరుబయట కూడా కొంచెం వంగే నడిచేవారు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక పురికొస ఉండేది, కొలతకొక ముడి వేసినది. ఏదైనా అడిగితే ముందు కళ్ళజోడు తీసి పంచె కొసతో తుడుచుకునేవారు. తుడవడం పూర్తయ్యేదాకా జవాబు రాదు. వచ్చిన జవాబు చాలాసార్లు ప్రశ్నే.

"ఈ ఏడు ఎండలు పోయినేటి కంటే ఎక్కువలాగున్నాయి మాస్టారూ" అనేవాడు నాన్న, కొట్టు అరుగు మీద విసురుకుంటూ.

"కొలిసేరా షావుకారు గారూ?"

పాలమనిషి నీళ్ళు కలపలేదని ఒట్టు పెట్టుకుంటే, "ఒట్టెందుకు, కొలిసేస్తే పోద్ది గదా" అని లోపలికి వెళ్ళి గాజు గొట్టం ఏదో పట్టుకొచ్చేవారు. ఆ తర్వాత ఆమె మా ఇంటికి పాలు తెచ్చేటప్పుడు ముందు మేడ వంక చూసి, మాస్టారు కాలేజీకి వెళ్ళారని తేలాకే గిన్నె కింద పెట్టేది.

నాన్నకు ఆయన్ని ఆటపట్టించడం సరదా. "మాస్టారూ, పెళ్ళిసూపుల్లో పిల్లని కూడా పురికొసతో కొలుస్తారేటి?"

"కొలిసేనండి ఒకపాలి. నాకంటే ఆ పిల్లకి తెలివెక్కువని తేలింది. ఆలే ఒద్దన్నారు."

దేవుడి మాట వస్తే మాత్రం తగ్గి మాట్లాడేవారు. మా పూజగది గుమ్మం దాటి ఏనాడూ లోపలికి రాలేదు. ప్రసాదం పెడితే గుమ్మం బయటే కళ్ళకద్దుకుని తినేవారు. "మీకు నమ్మకం లేదా మాస్టారూ?" అని నేనొకసారి అడిగాను. కళ్ళజోడు చాలాసేపు తుడిచారు. "ఉన్నాడని సెప్పడానికి నా దగ్గిర కొలత లేదమ్మా. లేడని సెప్పడానికీ లేదు. మీ దగ్గిర ఏదో కొలత ఉన్నట్టున్నాది. అందుకే గుమ్మం దాకా వస్తన్నాను."

ఆ జవాబుకు నేను నొచ్చుకోలేదు. నా నమ్మకాన్ని అంత మర్యాదగా చూసినవారు నమ్మినవాళ్ళలో కూడా ఎక్కువమంది లేరు.

ఆయనతో నా తొలి మాట మాత్రం పోట్లాటే. ఒక ఉదయం పారాయణ ముగించి, మిరపకాయలు ఆరబెట్టడానికి మేడ మీదకు వెళ్ళాను. ఆయన గది కిటికీలో ఒక ఎర్ర సిరా బుడ్డి, అందులో మా నందివర్ధనం పువ్వు. తెల్లటి రెక్కల్లో సన్నగా ఎర్రటి నరాలు. నాకు ఒళ్ళు మండింది.

"పూజ పువ్వుకు సిరా పూశారేమిటండీ?"

"ఒక్కటే కోసేనమ్మా, తప్పయితే సెమించండి. సిరా మాత్రం నాను పూయలేదు. అదే తాగింది."

అప్పుడు చూశాను. బుడ్డిలో పువ్వు పక్కన ఒక దీపం వత్తి కూడా వేలాడుతోంది. నేను చేసిన వత్తే. అదీ పైదాకా ఎర్రబడింది.

"వత్తికి ప్రాణం లేదు కదా. అదెలా తాగింది?" అని నోరు జారి అడిగేశాను.

ఆయన మొహం దీపం పెట్టినట్టు వెలిగింది. "అదేనమ్మా నానూ సూస్తన్నది! సన్నటి సందుల్లో నీళ్ళు వాటంతటవే పైకెక్కుతాయి. అది ఫిజిక్సు. పువ్వు బతికున్నాది గనక తాగుతాది. అది బోటనీ. మరి ఈ పువ్వులో ఎక్కింది ఎంత దీనివల్ల, ఎంత దానివల్ల? కాలేజీలో అడిగితే ఈలు ఆల దగ్గిరికెళ్ళమంటారు, ఆలు ఈల దగ్గిరికెళ్ళమంటారు."

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి దీపం పెడుతున్నాను. నూనె వత్తిలోకి పైకెలా ఎక్కుతోందని ఒక్కనాడూ అడగలేదు. ఆ రోజు సాయంత్రం వత్తి వెలిగిస్తూ కాసేపు ఆగిపోయాను. దేవుడి మీద భక్తి తగ్గలేదు. ఆయన పనితనం మీద ఆశ్చర్యం పెరిగింది.

ఇంకో సంగతి తర్వాత తెలిసింది. మాస్టారి చేతి గడియారం పాడైపోయింది. తెల్లవారగట్ల ప్రయోగాలకు కాలం కొలవడానికి ఆయన నా పారాయణనే వాడుకునేవారట. "మీ శ్లోకానికీ శ్లోకానికీ తేడా ఉండదమ్మా. నా నాడితో సరిసూసేను. ఒక్క ఏకాదశి నాడు మాత్తరం మీరు జోరుగా సదువుతారు. ఆ రోజు ప్రయోగం పెట్టను." ఉపవాసం నాడు నీరసానికి త్వరగా ముగిస్తున్నానని నాకే తెలియదు. ఆ తర్వాత ఏకాదశి రోజుల్లో నిదానంగా చదవడం మొదలుపెట్టాను.

ఆయన నాకు లెక్కలు నేర్పడం కుళాయి దగ్గర మొదలైంది. బిందె నిండేదాకా నేను నిలబడి ఉంటే, మెట్ల మీద నుంచి అడిగారు. "నీళ్ళు ఒక్కలాగే పడతన్నాయి గదా అమ్మా. బిందెలో మట్టం ఒక్కలాగే లేస్తన్నాదా?"

చూశాను. అడుగున తొందరగా లేచింది. పొట్ట దగ్గర నెమ్మదించింది. మెడలోకి వచ్చేసరికి పరుగెత్తింది.

"ఇప్పుడు, ఈ చణంలో ఎంత జోరుగా లేస్తన్నాదో సెప్పాలంటే ఎలగ? అది సెప్పే లెక్క ఒకటున్నాది."

సుభద్రకు అప్పటికే సాయంత్రాలు వసారాలో పాఠాలు చెప్పేవారు. ఆ రోజు నుంచి నేను కూర తరుగుతూ అక్కడే కూర్చునేదాన్ని. "ఒకలికి సెప్తే రెండోవాలకి ఊరికినే వస్తాది. కూకోండమ్మా" అనేవారు. నాన్న చూసీ చూడనట్టు ఊరుకునేవాడు.

సుభద్ర అప్పుడు పి.యు.సి. చదువుతోంది. డాక్టరు కావాలని నాన్న కోరిక. దాని కోసమే లెక్కలు వదిలించి బయాలజీ తీయించాడు. అమ్మ జబ్బు చేసి నాలుగు రోజుల్లో పోయింది. అప్పటి నుంచి మా ఇంట్లో డాక్టరన్న మాట దేవుడన్న మాటకు కొంచెమే కింద.

ఆ ఏడు కార్తీక పున్నమికి సముద్ర స్నానానికని కళింగపట్నం వెళ్ళాం. నాన్న, మేమిద్దరం, మాతోబాటు మాస్టారూ. వంశధార సముద్రంలో కలిసేచోట దండం పెట్టుకుని స్నానాలు చేశాం. ఇసుక మీద వలలు దులుపుతున్నారు. తినడానికి పనికిరాని చేపల్ని ఒక పక్కకు విసురుతున్నారు. వాటిలో గుండ్రంగా, అప్పంలా ఉన్నదొకటి ఇంకా కదులుతోంది. సుభద్ర వంగింది.

"ఓలమ్మో, ముట్టకే గుంటా!" వల దగ్గరి ముసలమ్మ అరిచింది. "అది తిమిరి. సెయ్యి జివ్వుమంటాది!"

మా చెల్లెలికి వద్దంటేనే ముందు చెయ్యి వెళుతుంది. ముట్టుకుంది. "అమ్మా!" అని ఎగిరి గంతేసి, మోచెయ్యి పట్టుకుని నవ్వింది. మాస్టారు పంచె ఎగగట్టి మోకాళ్ళ మీద కూలబడి ఆయనా ముట్టుకున్నారు. ఒంగిన నడుం ఒక్కసారిగా నిటారయింది. మళ్ళీ ముట్టుకున్నారు. మూడోసారి, నాలుగోసారి.

"ఇదేటి బావూ, తినే సేపలు ఒగ్గేసి తిమిరి పట్టుకున్నారు! సదువుకున్నోలు ఇలగే ఉంటారేటి?" ముసలమ్మ నోరు నొక్కుకుంది.

"మొదటిపాలి మోసెయ్యి దాకా వచ్చిందప్పా. ఇప్పుడు మణికట్టు దాకే వస్తన్నాది. అలిసిపోతన్నాది పాపం" అని ఆయన ఆ చేపను రెండు చేతులా ఎత్తి, ఇంకోసారి జివ్వుమనిపించుకుంటూనే నీళ్ళలో వదిలి వచ్చారు.

సుభద్ర వెంటపడింది. "అది కరెంటే కదండీ? బ్యాటరీ ఎక్కడుంది? తీగలేవి? ఇది ఫిజిక్సా, జువాలజీయా మాస్టారూ?"

తుడుచుకుందామంటే కళ్ళజోడు నిండా ఉప్పునీళ్ళు, పంచె కూడా తడిసింది. ఊరికే చేత్తో పట్టుకుని నిలబడ్డారు. "సేపకి తెలీదమ్మా, తను ఏ గ్రూపో."

ఆ మాట మా సుభద్ర నెత్తికెక్కింది. ఇక దిగలేదు.

మరుసటి వేసవిలో మెడికల్ సీట్ల జాబితా వచ్చింది. దానిలో సుభద్ర పేరు లేదు. నాన్న రెండు రోజులు కొట్టు తెరవలేదు. మూడోనాడు, "పోనీలే. బి.యస్సీలో బి.జెడ్.సి. తీసుకో. బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. డిగ్రీ అయ్యాక మళ్ళీ ప్రయత్నం సేద్దాం" అన్నాడు.

"బి.జెడ్.సి.లో ఫిజిక్సు ఉండదు నాన్నా."

"ఉండకపోతే ఏటి?"

"నాకు రెండూ కావాలి."

కాలేజీలో ఉన్నవి రెండే గ్రూపులు. లెక్కలున్నవాళ్ళకు ఎం.పి.సి., లేనివాళ్ళకు బి.జెడ్.సి. ఫిజిక్సు కావాలంటే చేపను వదులుకోవాలి. చేప కావాలంటే ఫిజిక్సును వదులుకోవాలి. సుభద్ర అన్నం మానేసింది. దరఖాస్తు ఇవ్వడానికి శనివారం ఆఖరు.

బుధవారం సాయంత్రం మాస్టారు యూనివర్సిటీ రూల్సు పుస్తకం పట్టుకుని కొట్టులోకి వచ్చారు. ఒక పేజీలో పెన్సిలు గీత. "షావుకారు గారూ, ఇదిగోండి. ఫిజిక్సు, కెమిస్ట్రీ, జువాలజీ. ఇలగ మూడూ కలిపి తీసుకోవచ్చని రాసున్నాది."

"ఊళ్ళో ఎవలైనా తీసుకున్నారా?"

"ఎవలూ తీసుకోలేదు."

"ఎవలూ తాగని నూతి నీళ్ళు నా కూతురికా మాస్టారూ?"

"ఎవలూ తాగనేదు గనకే తేటగా ఉంటాయండి."

నాన్న నవ్వలేదు. మా ఇంట్లో ఏ పెద్ద పనైనా తెగకపోతే దేవుడి దగ్గర చీటీలు వేయడం ఆనవాయితీ. చీటీలు మడిచి, పళ్ళెంలో పెట్టి, దీపం ముందుంచి, రోజూ పూజ చేసే చెయ్యి ఒకటి తీస్తుంది. "శుక్రవారం పొద్దున్న సీటీలేద్దాం. ఆయనే సెప్తాడు. మీరూ రండి" అన్నాడు నాన్న.

శుక్రవారం మాస్టారు తలస్నానం చేసి వచ్చి గుమ్మం బయట నిలబడ్డారు. నాన్న రెండు చీటీలు రాశాడు. ఒకదాంట్లో బి.జెడ్.సి., రెండోదాంట్లో కొత్త గ్రూపు. నేను కళ్ళు మూసుకున్నాను. చెల్లెలు కోరింది రావాలని నా మనసులో ఉంది. అయినా అలా అడగకూడదని, "నీ ఇష్టం స్వామీ" అని మాత్రమే అనుకుని చెయ్యి పెట్టాను.

నాన్న విప్పి చదివాడు. "బి.జెడ్.సి."

సుభద్ర తల దించుకుంది. నేను దీపానికి దండం పెట్టాను. గుమ్మంలో మాస్టారు కళ్ళజోడు తీశారు. తుడిచి పెట్టుకున్నారు. మళ్ళీ తీశారు.

"షావుకారు గారూ, తప్పుగా అనుకోకండి. ఒక్క రీడింగేనా?"

"ఏటి?"

"మా ల్యాబులో ఒక్కపాలి కొలిసి ఏదీ రాయనివ్వమండి. మూడుపాలు తియ్యాల."

నాన్న మొహం ఎర్రబడింది. "దేవుడి మాటకి మూడుపాలేటి మాస్టారూ! ఆయనేటి మీ త్రాసా?"

ఆయన హడలిపోయారు. అంత పొడుగు మనిషీ గుమ్మానికి ఆనుకుని చిన్నబోయారు. అడగకూడనిది అడిగానని అప్పటికి తట్టింది కాబోలు. నాకు మాత్రం పాతదొకటి గుర్తొచ్చింది.

"అమ్మ మూడుసార్లే తీసేది నాన్నా" అన్నాను. "దీనికి పేరు పెట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను. మొదట మంగతాయారని వచ్చింది. తర్వాత రెండుసార్లూ సుభద్ర అని వచ్చింది."

అంత దుఃఖంలోనూ మా చెల్లెలు తలెత్తింది. "అంటే ఒక్కసారే తీసుంటే నేను మంగతాయారునా?"

ముందు నాన్నే నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. "అవును. మీ అమ్మ అలగే తీసేది. కానీ అమ్మీ."

చీటీలు మళ్ళీ మడిచి పెట్టాడు. తీశాను. ఈసారి కొత్త గ్రూపు వచ్చింది.

ఇంకొకటి మిగిలింది. పళ్ళెంలో మళ్ళీ రెండు చీటీలూ పడ్డాయి. నేను చెయ్యి చాచాను. నాన్న నా మణికట్టు పట్టుకున్నాడు.

"మూడోది ఒద్దు."

ఆయన నా వంక గానీ పళ్ళెం వంక గానీ చూడడం లేదు. సుభద్ర మొహం చూస్తున్నాడు. రెండో చీటీ చదివినప్పుడు ఆ మొహం ఎలా విప్పారిందో చూశాడు. ఇప్పుడు భయంతో ఎలా బిగుసుకుందో అదీ చూశాడు.

"ఒసే, మీ అమ్మకి డాక్టరు రాలేదని గదా ఊరంతా అనుకుంటారు. నానూ అలగే సెప్పుకుంటన్నాను. వచ్చేడే. టైముకే వచ్చేడు. సెయ్యి పట్టుకు సూసేడు. గొట్టం పెట్టి విన్నాడు. లోపల ఏటి జరుగుతున్నాదో నాకు తెలీడం లేదు షావుకారూ అన్నాడు. మంచి డాక్టరే, ఆయన తప్పు కాదు. లోపల సూడ్డానికి ఆయన దగ్గిర ఏటీ లేదు." అప్పుడు గుమ్మం వైపు తిరిగాడు. "మాస్టారూ, ఈ రెండూ కలిపి సదివినోలు ఆ సూసే ఉపాయం కడతారా?"

మాస్టారు కళ్ళజోడు జోలికి పోలేదు. వెంటనే జవాబు చెప్పడం ఆయనకది మొదటిసారి. "ఈ పిల్ల కడతాదని నాను మాటియ్యలేనండి. అలాటివి కట్టినోలకి మాత్తరం రెండూ తెలిసుండాల."

"ఇది సదివితే ఏ ఉద్యోగం వస్తాది?"

"తెలీదండి."

అబద్ధం చెప్పి ఉంటే ఆ క్షణానికి పని తేలిగ్గా జరిగేది. ఆ 'తెలీదు' అన్న మాట విన్నాకే నాన్నకు గురి కుదిరిందని నా నమ్మకం. ధాన్యం బేరంలో ఏ లోపమూ లేదన్నవాడి బస్తా ఆయన ఎప్పుడూ కొనేవాడు కాదు.

"దేవుడు అటొకటి, ఇటొకటి సెప్పేడు. మూడోది నాకొదిలేడు" అని నాన్న దరఖాస్తు కాగితం తెప్పించి, పళ్ళెం పక్కనే పెట్టి సంతకం చేశాడు.

మర్నాడు నాన్నా, సుభద్రా, మాస్టారూ ప్రిన్సిపాలుగారి దగ్గరకు వెళ్ళారు. ఆయన పుస్తకం చూశారు, టైం టేబులు చూశారు. ఫిజిక్సు ప్రాక్టికల్సూ జువాలజీ ప్రాక్టికల్సూ ఒకే మధ్యాహ్నం పడుతున్నాయి. ఒక్క పిల్ల కోసం కాలేజీ అంతటి టైం టేబులు మార్చలేనన్నారు.

"ఆదివారం పొద్దున్న నాను సేయిస్తానండి" అన్నారట మాస్టారు.

"మీ సెలవు రోజు పోతుంది కదండీ."

"సెలవు రోజున నాను సేసేదీ అదేనండి."

ప్రిన్సిపాలుగారు ఒక షరతు పెట్టారు. "ఆడపిల్ల ల్యాబులో ఒంటరిగా ఉండడం బాగుండదు. ప్రతి ఆదివారం ఇంటి ఆడవాళ్ళెవరైనా తోడు రావాలి. అలా అయితేనే."

ఇంట్లో ఆడవాళ్ళంటే నేనే.

సుభద్ర ఆ తర్వాత ఎక్కడెక్కడ చదివిందో, ఏ యంత్రాల మధ్య తల నెరిసిందో అదే రాసుకోవాలి. నాకు తెలిసింది ఆ మొదటి ఆదివారం. ఇరవై నాలుగేళ్ళ వయసులో మొదటిసారి చదువుల గుమ్మం దాటాను. చెప్పులు బయట విడిచాను. "ఇక్కడ ఇడవక్కర్లేదమ్మా" అన్నారు మాస్టారు. నేను విడిచే వెళ్ళాను. పొడుగాటి బల్లలు, అద్దాల బీరువాలు, స్పిరిట్ వాసన. తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుని నామం చెప్పుకుందామనుకున్నాను.

"ఆడ కూకుంటే ఎలగమ్మా? ఈ ప్రయోగానికి ఇద్దరు కావాల. ఒకలు ఊగులు లెక్కెడితే ఒకలు టైము రాయాల. మిగతా పిల్లలకి జోడీ ఉన్నాది. ఈ పిల్లకి ఎవలున్నారు?"

"నాకు రాదండీ."

"రాదనే గదా ఇక్కడికందరూ వస్తారు."

దారానికి గుండు కట్టి ఊపడం. అంతే. సుభద్ర ఊగులు లెక్కపెట్టింది, నేను స్టాప్‌వాచీ నొక్కాను. దారం పొడవు మారిస్తే కాలం మారింది. గుండు మార్చి పెద్దది కడితే మారలేదు. నేను నమ్మలేక మళ్ళీ కట్టమన్నాను. మాస్టారు కట్టి ఇచ్చారు. చివర రికార్డు పుస్తకంలో ప్రయోగం చేసినవారి పేర్లు రాసేచోట సుభద్ర ముందు నా పేరు రాసింది. నేను కొట్టేయమన్నాను. "రీడింగులు తీసినోలు ఎవలో ఆల పేరు ఉండాలమ్మా. లేకపోతే దొంగ లెక్క అవుతాది" అన్నారాయన.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం. నాన్న కొట్టు అరుగు మీద మా కోసమే కూర్చుని ఉన్నాడు. "ఏటి సూసేరు?"

సుభద్ర నోరు తెరిచింది.

"నిన్ను కాదే. అక్కని అడుగుతన్నాను."

నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు అంతకు ముందు. "దారానికి గుండు కట్టి ఊపితే, పొడవు బట్టే కాలం మారుతుంది నాన్నా. బరువుతో పనిలేదు. చిన్నది కట్టినా పెద్దది కట్టినా ఒకేలా ఊగింది."

"బరువుతో పనిలేదా?" జీవితమంతా బరువు మీదే బతికిన మనిషి. "కాటా ముందు కూకుని ఏటా మాట! బరువైంది నెమ్మదిగా ఊగుతాది."

"లేదు నాన్నా. నేనే కొలిచాను."

నాన్న లేచాడు. కొట్టులోకి వెళ్ళి కిలో రాయీ, అయిదు కిలోల రాయీ తెచ్చాడు. రెండింటికీ ఒకే పొడుగు తాడు కట్టి దూలానికి వేలాడదీశాడు. నేను రెండింటినీ సమంగా పక్కకు లాగి ఒక్కసారే వదిలాను. వెళ్ళాయి, వచ్చాయి. మళ్ళీ వెళ్ళాయి, వచ్చాయి. చిన్నదీ పెద్దదీ తోడుగా, అడుగు తడబడకుండా. నాన్న నోరు తెరుచుకుని చూస్తున్నాడు. మా వెనకే వచ్చిన మాస్టారు కొట్టు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆయనకు చెప్పడానికి ఎంతో ఉండి ఉంటుంది.

"ఇంకోపాలి ఊపమ్మీ" అన్నాడు నాన్న.

మాస్టారు తన నీడ రాళ్ళ మీద పడుతోందని చూసుకుని, వెలుతురు రావడానికి గుమ్మంలోంచి పక్కకు జరిగారు.